లంక పొగాకు వెతుక్కుంటూ గోదావరి పాయల్లో

శనివారం – రాజమండ్రి

మా ఒంగోలు వైపు పొగాకంటే బ్యారన్, అంటే ఆకుని వేడితో ఎండబెట్టే కొట్టం. ఆకుని కర్రలకి కట్టి, పొయ్యి రాజేసి, వారం తిరక్కుండా పసుపుపచ్చగా దింపేస్తారు. సిగరెట్ కంపెనీలు కొంటాయి. గోదావరి వైపు పొగాకంటే చుట్ట, చుట్టంటే లంక పొగాకు, అంటే ఏటి మధ్య దీవుల్లో పండేది. రెండూ ఒకే జాతి మొక్క. మరి దీనికి ఆ ఘాటు, ఆ కమ్మదనం ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడాలని ఎప్పట్నుంచో ఉంది. ఫిబ్రవరిలో వస్తే చేలో ఆకు, పాకలో ఆకు రెండూ కనిపిస్తాయని రాజమండ్రిలో ఉండే మా బావమరిది అన్నాడు. బయల్దేరాను. నేను పొగ మానేసి చాలా ఏళ్ళయింది కాబట్టి రుచి సంగతంతా కాల్చేవాళ్ళని అడిగి, వాసన చూసి, బూడిద చూసి రాసిందే.

పొద్దున్నే పెసరట్టు ఉప్మా తిని మార్కెట్ వైపు నడిచాం. ఒక సందులో పాత చుట్టల కొట్టు ఉంది. బల్ల వెనక ఒకాయన నడుం వంచి చుడుతున్నాడు. తడిగుడ్డ కింద నుంచి ఆకు తీసి, మధ్య ఈనెని ఒక్క లాగుతో చీల్చి పక్కన పడేసి, లోపలికి పొడుగు ముక్కలు పేర్చి, పై ఆకుని ఏటవాలుగా తిప్పుతూ పోతాడు. కళ్ళు మాత్రం వీధిలోనే ఉన్నాయి. మేమున్నంతసేపూ వచ్చినవాళ్ళంతా అరవై దాటినవాళ్ళే. వాళ్ళలో ఒకాయన ధర అడగలేదు. "ఏ లంకదండీ ఇది?" అన్నాడు.

"ఈసారి వేరే లంకదండి. కిందటేడు మీరు పట్టుకెళ్ళింది కాదు."

ఆయన ఒక చుట్ట ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ బల్ల మీదే పెట్టేసి వెళ్ళిపోయాడు. కొట్టాయనకి కోపం రాలేదు. "ఆయ్, నాలిక్కి అలవాటైపోద్దండి. మనమేం చేస్తాం" అన్నాడంతే. బియ్యం కొనేటప్పుడు కూడా ఇంత నిక్కచ్చిగా అడిగేవాళ్ళని నేను చూడలేదు.

సాయంత్రం పొగాకు పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటికి తీసుకెళ్ళాడు మా బావమరిది. 1947లో పెట్టిన ఆ సంస్థని ఊళ్ళో అందరూ సీటీఆర్ఐ అంటారు. ఆటోవాళ్ళకి అంతకంటే చెప్పక్కర్లేదు. డాబా మీద కాఫీ ఇచ్చి, ఆయన మొదట అన్నమాట: "నికోటిన్ ఆకులో పుట్టదండి. వేళ్ళలో పుట్టి పైకి ఎక్కుతుంది." అందుకే మొక్క పూత మొహం చూడగానే తల తుంచేస్తారట. పువ్వుకీ గింజకీ పోవాల్సిందంతా ఉన్న ఆకులకే చేరుతుంది, వేళ్ళు ఇంకా పెరుగుతాయి, ఘాటు పెరుగుతుంది. తల తుంచాక కణుపుల్లో పిలకలు వస్తాయి. అవి తీయకపోతే తుంచి లాభం లేదు. నేలలో నత్రజని ఎక్కువైతే ఆకు మందమెక్కి, నల్లబారి, గొంతు పట్టేస్తుంది. తక్కువైతే పల్చగా, చప్పగా వస్తుంది. నీటికి కాస్త కటకట పడ్డ మొక్కలో ఘాటు ఎక్కువ, వానల్లో నానిన మొక్కలో తక్కువ.

బ్యారన్ సంగతి నేనే ఎత్తాను. మా ఆకుని వేడితో గబగబా ఎండబెడతారు కాబట్టి పిండి పదార్థం చక్కెరగా మారి అక్కడే ఆగిపోతుంది, పొగ కాస్త పులుపు గుణంతో ఉంటుంది, లోపలికి పీలిస్తేగానీ పట్టదు. చుట్ట ఆకు నీడలో నెలా రెండు నెలలు మెల్లగా ఆరుతుంది. ఆ లోపల చక్కెర దాదాపు ఖర్చయిపోతుంది. పొగలో క్షారగుణం వస్తుంది. అందుకే చుట్ట కాల్చేవాడు పొగ మింగడు, నోట్లో ఉంచుకుంటేనే ఎక్కుతుంది. నా ఇరవై ఏళ్ళ సిగరెట్ అనుభవంలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత మాట అమెరికా వెళ్ళింది. కనెటికట్ అనే నది లోయలో 1900 ప్రాంతాల నుంచి పొగాకు చేల మీద పల్చటి గుడ్డ పందిళ్ళు వేస్తున్నారట. సుమత్రా దీవి నుంచి వచ్చే పల్చటి ఆకుతో పోటీపడటానికి ఎండని జల్లెడ పట్టారన్నమాట. ఎండ తగ్గితే మొక్క ఆకుని వెడల్పుగా, పల్చగా పరుస్తుంది, ఈనెలు సన్నబడతాయి. అలాంటి ఆకు సిగార్ పైచుట్టుకి పనికొస్తుంది. క్యూబాలో అయితే మొక్క మీద ఆకు ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టే పేర్లు పెట్టారు. అడుగున వచ్చేది వోలాడో, బాగా మండుతుంది. నడిమిది సెకో, వాసనకి. పైది లిగేరో, ఎండంతా తాగి ఘాటెక్కినది. "మీరు లంకలో చూస్తారుగా, రైతుకి ఈ పేర్లు తెలీవు, పని తెలుసు" అన్నాడాయన.

లంకల్లోకి దిగేముందు రోజ్ మిల్క్ తాగకుండా రాజమండ్రి వదలకూడదని మా బావమరిది పట్టు. తాగాం. నాకు తీపి ఎక్కువనిపించింది. పైకి అనలేదు.

ఆదివారం – కపిలేశ్వరపురం వైపు లంక

తెల్లారకుండానే స్కూటర్ మీద ధవళేశ్వరం దాటాం. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. బొమ్మకి ఎవరో పొద్దున్నే దండ వేసిపోయారు. ఇక్కణ్ణుంచి గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. కాలవల కింద ఊళ్ళన్నీ వరి, కొబ్బరి. పొగాకు కావాలంటే గట్టు దాటి, కాలవ నీళ్ళు అందని చోటికి, ఏటి మధ్యకి పోవాలి.

టీ బడ్డీ దగ్గర దారి అడిగితే "రెండో గట్టు దిగిపోండి, ఆయ్, అదే రేవు" అన్నారు. దిగాం. మూడు కిలోమీటర్లు పోయాక ఇటుక బట్టీలు వచ్చాయి, ఆపైన ఇసుకలో స్కూటర్ కూరుకుపోయింది. బట్టీలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుతూనే వచ్చి వెనక నుంచి తోశారు. "రెండో గట్టంటే ఇది కాదండి బాబూ, పాత రెండో గట్టు. అది కిందటి వరదల్లో పోయింది" అన్నారు. లేని గట్టు గుర్తుతో ఇప్పటికీ దారులు చెప్పుకునే ఊరది. పక్కనే తేగలు కాలుస్తున్నారు. కట్ట ముప్ఫై రూపాయలకి కొనుక్కుని తింటూ వెనక్కి వచ్చాం.

రేవులో పడవ మనిషికి ఇరవై, స్కూటర్‌కి వేరే ఇరవై. అవతల దిగేసరికి ఎదురుగా పొగాకు. నడుం ఎత్తు మొక్కలు, తల తుంచి ఉన్నాయి. రైతుకి డెబ్బై దగ్గర ఉంటాయి. మా బావమరిదిని "ఏరా అబ్బాయ్" అన్నాడు, నన్ను "అల్లుడుగారు" అన్నాడు. ఊరి అల్లుణ్ణి కాబట్టి నాకు మంచం, వాడికి గట్టు.

ఆయన పొలం ఎకరం చిల్లర. ఆ ఎకరంలో రెండు రకాల నేల ఉంది. వరదకి ఎగువవైపు జానెడు ఒండ్రు పడింది, దిగువవైపు ఇసుక మేట వేసింది. నారు ఒకటే, నాటింది ఒకేసారి. ఒండ్రులో మొక్క ఆకు చేటంత వెడల్పు, ముదురు పచ్చ, పట్టుకుంటే తోలులా మందం. ఇసుకలో ఆకు చిన్నది, లేత రంగు, ఎండకి అవతలి వెలుగు కనిపిస్తుంది. పైరు తేడా కనిపించేచోట చేను మధ్య గీత గీసినట్టే ఉంది. నిన్న డాబా మీద విన్న నత్రజని పాఠం ఇక్కడ కాళ్ళ కింద ఉంది.

"మరి ఒండ్రు ఆకే మంచిదన్నమాట" అన్నాను.

"ఎవరన్నారండి?" అన్నాడాయన. ఒండ్రు ఆకు ఒక్కదాంతో చుడితే నాలుగు దమ్ములకి తల తిరిగిపోతుందట. ఇసుక ఆకు ఒక్కదాంతో చుడితే గడ్డి కాల్చినట్టు ఉంటుందట. లోపల ఇది, పక్కన అది కలపాలి. వ్యాపారి కూడా రెండూ విడివిడిగా కట్టమంటాడు. "మనూళ్ళో ఆకు మంచిది అంటే సగమే చెప్పినట్టండి. ఏ ఏడాదిదో కూడా చెప్పాలి. వరద ఏవేపు ఒండ్రు పారేస్తే ఆవేపు ఘాటు." 1986 ఆగస్టు వరద తర్వాత రెండేళ్ళు ఈ లంక ఆకు ఎవరూ మర్చిపోలేదని, అదే వరద పక్క లంకని సగం కోసుకుపోయిందని చెప్పాడు.

సాగు సంగతి ఆయన చెప్పిన వరసలోనే. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఏరు లంక మీద ఉంటుంది కాబట్టి నారుమడి ఊరివైపు మెరకలో పోస్తారు. నీరు తీశాక అక్టోబరు చివర, నవంబరులో తెచ్చి నాటుతారు. మొదటి రోజుల్లో దొరువు తవ్వి కుండతో మొక్క మొక్కకీ నీళ్ళు పోయాలి. వేరు దిగిన తర్వాత నీళ్ళు పెట్టరు. పైన ఇసుక ఎండిపోయినా అడుగున చెమ్మ ఉంటుంది, వేరు దానికోసం దిగుతుంది. వేరు లోతుకి పోతే మిగతా కథ మనకి నిన్న డాబా మీద చెప్పిందే.

పిలకలు తీస్తున్న కూలీల చేతులు చూశాను. మోచేతుల దాకా నల్లటి జిగురు. చింతపండుతో రుద్దుకుంటే పోతుందట. ఒకావిడ ఆ చేత్తోనే మొక్క మొదట్లో ఊదారంగు పూల బోడుని పీకి గట్టు మీద పారేసింది. పొగాకు వేళ్ళ మీద పడి బతికే కలుపు అది, పచ్చ ఆకనేదే ఉండదు. దాని గింజలు నేలలో ఏళ్ళ తరబడి ఉంటాయి, అందుకని పువ్వు విచ్చకుండానే పీకేయాలి.

లంక చివర ఏటి ఒడ్డున నాలుగు కొబ్బరిచెట్లు. వాటి నీడలో పడ్డ వరస పొగాకు మాత్రం వేరుగా ఉంది. ఆకు పెద్దది, మెత్తన, సన్నటి ఈనెలు. కనెటికట్ గుడ్డ పందిళ్ళ సంగతి చెప్పాను. పెద్దాయన చాలాసేపు నవ్వాడు. "చేనంతటికీ దోమతెర కట్టారాండీ!" తర్వాత నవ్వాపి, ఆ కొబ్బరి నీడ ఆకుని ఆయనా విడిగానే దాస్తాడని ఒప్పుకున్నాడు, సొంత చుట్టలకి పై ఆకు అదే. అమ్మడు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం. పనసపొట్టు కూర, ఆవ పెట్టినది, ముద్దపప్పు, గడ్డపెరుగు. వద్దన్నకొద్దీ వడ్డించారు. ఆ ఇంటావిడ "అల్లుడుగారు కూర ముట్టుకోలేదు" అని మూడోసారి అన్నప్పుడు ఇక చెయ్యి అడ్డం పెట్టడం మానేశాను. డబ్బుల మాటెత్తితే బాగుండదని మా బావమరిది ముందే హెచ్చరించాడు. పిల్లల చేతిలో కాజాల పొట్లం పెట్టి వచ్చాం.

తాటాకు పాకలో ఆకు తోరణాలు వేలాడుతున్నాయి. కింది వరసలో పచ్చ, మధ్యలో పసుపు, పై వరసలో చుట్ట రంగు. పాక తలుపుతోనే అంతా ఉందట. పడమటి గాలి గట్టిగా తోలితే తడిక మూసేస్తారు, లేకపోతే ఆకు పచ్చగా ఉండగానే ఎండిపోతుంది, ఇక ఆ పచ్చిదనం పోదు, కాలిస్తే చేదు. మబ్బు పట్టి తేమ ఆడితే తడిక తీసేస్తారు, లేకపోతే బూజు, కుళ్ళు. బాగా ఎండిన ఆకుని పగలు ముట్టుకుంటే పొడైపోతుంది. తెల్లవారుజామున మంచుకి మెత్తబడినప్పుడే దింపి మండె, అంటే కుప్ప, కడతారు. పక్క పాకలో నిరుటి మండె ఒకటి ఉంటే లోపలికి చెయ్యి పెట్టమన్నాడు. ఇప్పుడు చల్లగానే ఉంది. కొత్తగా కట్టినప్పుడు చెయ్యి ఉంచలేనంత వేడెక్కుతుందట, అప్పుడు విప్పి, లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగేసి మళ్ళీ కడతారు. ఆ రోజుల్లో పాకలో కళ్ళు మండే అమ్మోనియా వాసన. అదంతా పోయాకే కమ్మదనం మిగులుతుంది. నిరుటి ఆకు ఒక కట్ట నాకు ఇచ్చాడు.

ధర గురించి అడిగితే మాట తగ్గించేశాడు. పొగాకు బోర్డు వేలం వర్జీనియాకే, అంటే మా బ్యారన్ ఆకుకే, నాటు ఆకుకి లేదు. బేరగాడు రేవులోకి వచ్చి చెప్పిందే ధర. ఆయన కొడుకులు ఇద్దరూ తమ వాటా నేలలో అరటి వేశారు.

సోమవారం – కోటిపల్లి, అంబాజీపేట, పి. గన్నవరం

కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి ముక్తేశ్వరం వెళ్ళాం. పంటు మీద కార్లు, గడ్డిమోపులు, ఒక పెళ్ళి బృందం. మూల కూర్చున్న ఒక ముసలమ్మ అడ్డపొగ వేస్తోంది, నిప్పున్న కొస నోట్లో, చల్లటి కొస బయట. ఉత్తరాంధ్ర నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయిందట. గాలికి నిప్పు ఆరకుండా, నాటు వేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండేలా అలవాటైందని చెప్పింది. అంగిలికి కేన్సర్ తెచ్చే అలవాట్లలో ఇది పేరున్నది, కోస్తా ఆంధ్ర ఆడవాళ్ళ మీదే దీని గురించి పరిశోధనలు జరిగాయి. పక్కనున్న ఆశా కార్యకర్త ఆ మాటే అంటోంది. ముసలమ్మ నిప్పు తీయకుండానే "ఆయ్, అలాగేనమ్మా" అంది.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీ. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. అల్లం చట్నీతో ప్లేటు నలభై. ఈ ప్రయాణంలో తిన్నవాటిలో దీనికే నా ఓటు.

గన్నవరం అక్విడెక్టు దగ్గర వైనతేయ మీదుగా కాలవ పారుతుంది, డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అడిగినవాడికి లేదనకుండా అన్నం పెట్టిన ఆ తల్లి ఊరు లంకల గన్నవరం ఇక్కడే. దిగువన ఒక లంకలో మా బావమరిది స్నేహితుడి మావయ్య ఇంటి అవసరానికి నాలుగు సెంట్లలో పొగాకు వేశాడని తెలిసి వెళ్ళాం. చూడ్డానికి ఆకు దిట్టంగా, నిన్నటిదానికంటే అందంగా ఉంది. "అందమే అండీ, అంటుకోదు" అన్నాడు మావయ్యగారు. అగ్గిపెట్టె సగం ఖర్చవుతుందట ఒక చుట్టకి.

బోరు నీళ్ళు నోట్లో వేసుకుంటే ఉప్పన. ఎండలు ముదిరేకొద్దీ పోటుకి సముద్రం నీళ్ళు పాయల్లోకి ఎగబాకుతాయి, భూమిలోనూ ఉప్పు ఉంటుంది. పొగాకు మొక్క క్లోరైడుని ఎంత ఉంటే అంత తాగేస్తుంది. అది పేరుకున్న ఆకు గాలిలో తేమ లాగుతుంది, నిప్పు నిలవదు. పొటాష్ ఎక్కువున్న ఆకు దీనికి సరిగ్గా ఎదురు, నిప్పు సాఫీగా పాకుతుంది. పైలంకల్లో ఏటా వరద ఉప్పుని కడిగేస్తుంది. ఇక్కడ ఆ కడుగు చాలదు. రెండు ఊళ్ళ మధ్య దూరం స్కూటర్ మీద గంటన్నర కూడా లేదు. ఆయన దగ్గరా నిరుటి కట్ట ఒకటి అడిగి తీసుకున్నాను. "ఎందుకండీ, అగరొత్తులక్కూడా పనికిరాదు" అంటూనే ఇచ్చాడు.

మంగళవారం – కాకినాడ

బర్మాకి ఓడలు నడిచిన రోజుల్లో లంక పొగాకు ఈ రేవు నుంచి వెళ్ళేది. రంగం, అంటే రంగూన్, వెళ్ళే కూలీలూ ఈ రేవులో ఓడ ఎక్కేవాళ్ళు.  ఇప్పుడు పాత గిడ్డంగుల వీధిలో పొగాకు అడిగితే ఒక్క కొట్టు చూపించారు.

ఆ వ్యాపారి నా రెండు కట్టల్లోంచీ ఒక్కో ఆకు తీసుకున్నాడు. అంచు అంటించి, మంట ఊదేసి, నిప్పు ఎంతసేపు పాకుతుందో చూశాడు. లంక ఆకు మీద ఎర్రటి గీత తీరిగ్గా ఈనె దాకా వచ్చింది, వెనక తెల్లటి బూడిద రాలకుండా నిలిచింది. రెండోది బొగ్గులా నల్లబడి, లెక్క మొదలెట్టేలోపే ఆరిపోయింది. ఎక్కడివో నేను చెప్పలేదు. "ఒకటి పై లంక, ఒకటి ఉప్పు నేల" అన్నాడు. ఏ లంక అని అడిగితే మాత్రం మళ్ళీ వాసన చూసి, కపిలేశ్వరపురం వైపు రెండు లంకల పేర్లు చెప్పాడు. మొదటిది సరిపోయింది.

ఇంటికొచ్చాక

కట్టలు ఇంట్లో పెట్టనివ్వలేదు మా ఆవిడ. డాబా మీద రేకుల కింద వేలాడదీశాను. మంచు కురిసిన మర్నాడు రెండూ మెత్తగా అయిపోయాయి. పదింటికల్లా లంక ఆకు మళ్ళీ గలగలమంది. గన్నవరం ఆకు మధ్యాహ్నం రెండింటికి కూడా తడిగుడ్డలా వేలాడుతూనే ఉంది. దాన్ని పారేశాను. లంక కట్టని ఎదురింటి మాస్టారుగారికి ఇస్తే, వారం తిరక్కుండా మనవణ్ణి పంపించారు, ఇంకో కట్ట ఉందా, లేకపోతే ఆ రైతు ఫోన్ నంబరైనా ఇవ్వమని.